మూత తియ్యని ఓడికొలోన్

కొలోనక్క దయ్యంతో పొత్తు పెట్టుకుందని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాళ్లెవరైనా మిగిలితే, మూలమీద సైకిళ్లు బాగుచేసే అతను టైరుకు గాలి కొడుతూ చెబుతాడు.

"మూడో అంతస్తులో పోయిన టైపిస్టమ్మ లేదూ? ఆవిణ్ణి వెళ్లగొట్టమని ఓనరు ఈవిణ్ణి పంపాడు. ఈవిడేం చేసిందీ? ఆవిడతోనే చేతులు కలిపి ఓనరు నోరు మూయించింది! ఇప్పుడు మధ్యాహ్నంపూట ఇద్దరూ కూర్చుని కబుర్లు. మా ఆవిడ చెవులారా వింది. నవ్వులు కూడానట."

మెట్లు ఊడ్చే ఆవిడ దగ్గర ఇంకో ముక్క ఉంది. ఒకసారి తలుపు ఓరగా ఉంటే తొంగి చూసిందట. ఇంట్లో ఉండేది కొలోనక్కా, వాళ్ల అత్తగారూ, ఇద్దరే. బల్లమీద గ్లాసులు మూడు. "ఆ ఓడికొలోన్ సెంటు సీసాలోనే పెట్టుకుంటుందమ్మా దాన్ని. మూత తీస్తే బయటికి, పెడితే లోపలికి," అని ముగిస్తుంది ఆవిడ.

ఈ మాటలు కొలోనక్క చెవిన పడకపోలేదు. పడినా ఆమె ఔననలేదు, కాదనలేదు. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన రోజులు ఆమెకు వేరే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఓపిక లేదు, అవసరమూ లేదు.

ఖాళీ అయిన ఇళ్లు కడగడం ఆమె పని. ఒకరు సామాను దింపుకుని వెళ్లాక, ఇంకొకరు సామాను ఎక్కించేలోపు ఇల్లు ఎవరిదీ కాకుండా ఉంటుందే, ఆ కాస్త వ్యవధి ఆమెది. ముందు కిటికీలు బార్లా తెరుస్తుంది. గోడలకు మిగిలిపోయిన మేకులు పీకి, ఆ చిల్లుల్లో తెల్ల సబ్బు తడిపి కూరి, బొటనవేలితో నున్నగా రుద్దుతుంది. అక్కడ మేకుండేదని కొట్టినవాడు కూడా చెప్పలేడు. వంటింటి జిడ్డుకు సోడా కలిపిన వేడినీళ్లు. స్నానాలగది తూముకు వంచిన ఇనుపతీగ. అలమరకు పిల్లలు అంటించిన బొమ్మలకు పాత కత్తి. గోడమీద తలనూనె మచ్చ చూసి మంచం ఎక్కడ వేసుకున్నారో, ఎవరు ఎటు తల పెట్టుకున్నారో చెప్పగలదు. కానీ ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

చిట్టచివరి బకెట్లో మాత్రం ఒక మూతెడు ఓడికొలోన్ వేస్తుంది. ఆ నీళ్లతో లోపలిగది మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా తుడుచుకొచ్చి, తలుపు దగ్గరికి వేసేస్తుంది. మళ్లీ లోపల అడుగుపెట్టదు, తడినేలమీద కాలిముద్రలు పడతాయని. జనం దాన్ని వేరేగా చూశారు. వెనక్కి నడుస్తోందంటే లోపలున్నదాన్ని లాక్కొస్తోందన్నమాట అన్నారు. తలుపు వేసిందంటే అది మళ్లీ దూరకుండా అన్నారు.

అసలా సీసా అత్తగారిది. పచ్చగాజు సీసా, పొడుగు మెడ, మీద పూలగుత్తుల కాగితం. మందుల షాపులో దగ్గుమందు పక్కన ఉంటుంది. నిమ్మతొక్క, లవంగం, వాటి వెనకాల ఏదో పేరు తెలియని పువ్వు, అన్నీ కలిసిన వాసన. తలనొప్పి వస్తే అత్తగారు గుడ్డ తడిపి నుదుటిమీద వేసుకునేది. ఒకసారి పిల్లుల్ని పెంచుకున్న ముసలాయన ఇల్లొకటి ఎంత కడిగినా కంపు వదలలేదు. కొలోనక్క అత్తగారి సీసా తెచ్చి ఆఖరి బకెట్లో ఒక మూత పోసింది. ఆ సాయంత్రం ఇల్లు చూడ్డానికి వచ్చిన కొత్త దంపతులు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చి, "ఏమండీ, ఈ ఇంట్లో మనకు కలిసొస్తుంది," అంది. అంతకుముందు ఎందరో చూసి ముక్కు మూసుకుని పోయిన ఇల్లది. ఇళ్ల బ్రోకరు అక్కడే ఉన్నాడు. వాడి నోటికి తలుపు లేదు.

అంతే, పుకారుకు కాళ్లొచ్చాయి. ఆమె తుడిచిన ఇంట్లో దిష్టి నిలవదన్నారు. ఆ నీళ్లు నాలుగు చుక్కలు గుమ్మంలో చల్లితే దుకాణానికి బేరం వస్తుందన్నారు, పరీక్ష పాసవుతారన్నారు, పారిపోయిన మొగుడు తోకముడుచుకుని తిరిగొస్తాడన్నారు.

"మరి నీ మొగుడి సంగతేంటి కొలోనక్కా? చల్లకపోయావా?" అని బట్టలమిల్లు ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"వస్తే వాణ్ణి కూడా కడగాలి. నాకు చేతినిండా పనుంది," అనేది ఆమె.

అరుగుమీద నుంచి అత్తగారు అందుకునేది. "వాడొచ్చిన రోజు నేను లేచిపోతా!" వాడు ఆవిడ కన్నకొడుకే. ఇంకెవరితోనో వెళ్లిపోతూ తల్లిని కూడా రమ్మన్నాడు. ఆవిడ కోడలి వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి, కోడలి పక్కన చాప వేసుకుంది.

బ్రోకరు మధ్యలో ఒకసారి తెలివి ఉపయోగించాడు. గుట్టంతా సీసాలోనే ఉందనుకుని, ఆమెను పిలవకుండా రెండు సీసాలు కొని, ఊడ్వని నేలమీద గడగడా పోసేశాడు. ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి తుమ్మి తుమ్మి, "ఇల్లు అద్దెకన్నావు, మంగలిషాపు అనలేదే!" అని వెళ్లిపోయాడు. బ్రోకరు తల గోక్కుంటూ వచ్చాడు.

"అక్కా, దేనికైనా నీ చెయ్యి పడాలి."

"చెయ్యి కాదు తమ్ముడూ, చీపురు పడాలి."

వాడు కన్ను గీటి నవ్వాడు, రహస్యం దాస్తోందనుకుని. ఆ రోజు నుంచి ఆమె కాదని చెప్పడం మానేసింది.

చిక్కు ఆమె సొంత గుమ్మంలోనే వచ్చి పడింది. వాళ్లుండేది ఒక పాత ఇంటి వెనకవాటాలో, రెండు గదులు, వానొస్తే మూడు గిన్నెలు కింద పెట్టాలి. ఒక ఉదయం ఇంటావిడ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నీమీద నాకేం కోపం లేదమ్మాయ్. మా కోడలికి ఏడోనెల."

"శుభం పిన్నిగారూ."

"ఊళ్లో ఇళ్లన్నిటిలోంచీ వాటిని వెళ్లగొడతావు కదా. అవెక్కడికి పోతాయి చెప్పు? వెళ్లగొట్టినవాళ్ల వెంటే పడతాయి. నీ వెంట ఇంటికొస్తాయి. ఇల్లంటే నాది."

"నా వెంట ఇంటికొచ్చేది నడుం నొప్పి ఒక్కటే."

"అది నీకు. మాకేమొస్తుందో ఎవరికి తెలుసు? నెలాఖరుకల్లా వేరే చూసుకో."

లోపల నుంచి అత్తగారు గొంతెత్తింది. "దయ్యాలకు మాత్రం బుద్ధుండదూ, ఈ కారే కప్పు కిందికి రావడానికి!"

ఇంటావిడ వినలేదు. వినదల్చుకోలేదు.

కొలోనక్క పెద్దగా బెంగపడలేదు మొదట. ఊళ్లో సగం ఇళ్లు తన చేతిమీదుగా వెళ్లినవేనాయె. ఏ ఇంటికి ఎండ పడుతుందో, ఏ ఇంటి కుళాయి రాత్రంతా కారుతుందో ఆమెకు తెలిసినట్టు ఓనర్లకే తెలియదు. కానీ అడిగిన ప్రతిచోటా అదే నవ్వు, అదే నీళ్లు నమలడం. ఒకరు చుట్టాలొస్తున్నారన్నారు. ఒకరు సున్నం వేయిస్తున్నామన్నారు. ఆ గోడ చిల్లులు మొన్ననే ఆమె పూడ్చింది. అత్తగారి మోకాళ్లు చూస్తే నాలుగడుగులు వేయనివ్వవు. మూటలు కట్టుకుని ఎక్కడ దింపాలి ఆవిణ్ణి?

చివరికి బ్రోకరును రోడ్డుమీద పట్టుకుని నిలదీసింది.

"నేను కడిగిన ఇళ్లే కదా అన్నీ. నాకొక్కటి ఇప్పించడానికి ఏం రోగం?"

"పక్కవాటాల వాళ్లు ఒప్పుకోరక్కా. నువ్వొచ్చి వెళ్తే మంచిదే. వచ్చి ఉంటే..."

"ఉంటే?"

వాడు అటూ ఇటూ చూశాడు. "చెత్తబండి లాంటిదక్కా. రోజూ రావాలి. ఇంటిముందు ఆగకూడదు."

వాడు చెడ్డవాడు కాదు. ఉన్నమాట అన్నాడు. అది గోడకు మేకు దిగినట్టు ఆమెలో దిగింది. ఏ సబ్బు పెట్టినా పూడే చిల్లు కాదు. ఆ రోజు ఆమె ఎవరినీ ఇల్లు అడగలేదు. ఇంటికెళ్లి అత్తగారి కాళ్లకు నూనె రాస్తూ, అందరి ఇళ్లకూ మంచిదైన మనిషి ఏ ఇంట్లోనూ ఉండకూడనిదెలా అయిందా అని ఆలోచిస్తూ కూర్చుంది. ఎంత ఆలోచించినా ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. అది మంచిదే అయింది.

అప్పుడే ఇనుపసామాను షాపు ఓనరు కబురు పెట్టాడు, తన షాపు పైన మూడో అంతస్తు ఇల్లు కడగాలని.

ఆ ఇంటి కథ అందరికీ తెలిసిందే. కచేరీలో టైపు చేసి రిటైరైన ఒంటరి ఆవిడ అందులో ఉండేది. ఎవరి జోలికీ పోయేది కాదు, ఎవరూ ఆవిడ జోలికి వచ్చేవాళ్లు కాదు. ఒకరోజు అంబులెన్సు వచ్చి ఆవిణ్ణి పడుకోబెట్టి తీసుకెళ్లింది. ఆవిడ తిరిగి రాలేదు. తర్వాత ముఖం తెలియని మగాళ్లిద్దరు వచ్చి సామాను దింపుకుని, తాళంచెవి షాపు కుర్రాడి చేతిలో పెట్టి పోయారు. వాళ్లనెవరూ ఏమీ అడగలేదు. అడగడమెందుకు, తెలిసిందేగా! ఆ తర్వాత మధ్యాహ్నాలు పై నుంచి టకటకమని టైపు చప్పుడు వినిపించసాగింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ మాట విని మెట్లమీది నుంచే వెనక్కి తిరిగారు.

కొలోనక్క తాళం తీసి లోపలికెళ్లింది. మంచి ఇల్లు. రెండు వైపులా వెలుతురు. వంటింట్లోనే కుళాయి. ఆమె చీపురు పట్టుకున్న కాసేపటికి టకటకా మొదలైంది. ఒళ్లు జలదరించలేదంటే అబద్ధం. చప్పుడు వెంట వెళ్లి చూస్తే, వెనకగది కిటికీ కొక్కెం ఊడి రెక్కకు తగులుతోంది. దారం పెట్టి కట్టింది. టైపు ఆగిపోయింది.

పని అంతా అయింది. ఆఖరి బకెట్ ఒక్కటే మిగిలింది. అప్పుడొచ్చాడు ఓనరు, రొప్పుతూ.

"ఇదిగో, సాయంత్రం ఒక కుటుంబం వస్తోంది. నువ్వు ఆ సీసా లోపలెక్కడో పోస్తే ఎవరు చూడొచ్చారు? బాల్కనీలో నిలబడి పొయ్యి, వీధంతా చూడాలి. ఏదైనా కాస్త గొణుగు కూడా."

"ఏం గొణగమంటారు?"

"ఏదో ఒకటి. ఎక్కాలు చదువు. అంత దూరానికి ఏం వినబడుతుంది?"

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. కొత్త సీసా, సీలు కూడా తియ్యలేదు. కిందికి చూసింది. సైకిలు షాపతను చెయ్యి ఆపి పైకి చూస్తున్నాడు. మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది. మిల్లు ఆడవాళ్లు గుంపుగా ఆగారు. ఇన్ని కళ్లు తన చేతిమీద ఎప్పుడూ లేవు.

"ఈ ఇల్లు నాకివ్వండి," అంది.

ఓనరు విననట్టు చూసి, విన్నాక నవ్వాడు. "నీకా? నువ్వు వాటిని వెంటేసుకుని తిరుగుతావంటారు. కింది అంతస్తువాళ్లు ఊరుకుంటారా?"

"అవునండీ, ఊళ్లో దయ్యాలన్నీ నా వెంటే ఉన్నాయంటారు. మీ ఇంట్లో ఉన్నది ఒక్కటంటారు. ఎవరిని చూసి ఎవరు భయపడాలి?"

"వేళాకోళమా? కుదరదు. చెప్పిన పని చెయ్యి."

"సరే, కుదరకపోతే వెళ్లొస్తాను." ఆమె చీపురూ గుడ్డలూ బకెట్లో సర్దుకుంది. "ఈ సీసా ఇలా అందరికీ కనబడేలా పట్టుకుని, మూత తియ్యకుండా మెట్లు దిగిపోతాను. ఎవరడిగినా నోరెత్తను."

ఓనరుకు అది తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఆయన కూడా కిందికి చూశాడు. కొలోనక్క కూడా చేతులెత్తేసిన ఇల్లట! ఆ మాట వీధి చివరిదాకా పరుగెత్తడం ఆయనకు ఇక్కడి నుంచే వినిపించింది. ఆ తర్వాత ఆ ఇంటికి గబ్బిలాలు తప్ప ఎవరూ రారు.

"బెదిరిస్తున్నావా?"

"నేనేమన్నానండీ? మెట్లు దిగుతానన్నాను."

ఆమె సీసా ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ కాదు కాదంటే ఒక్కరూ వినలేదు. ఆ అబద్ధంతో మీ అందరి ఇళ్లూ నిండాయి. నాకు ఒక్క ఇల్లు దొరికితే దాని సొమ్మేం పోయింది?"

ఆమె బకెట్ ఒక చేత, సీసా ఒక చేత పట్టుకుని మెట్లు దిగింది. మొదటి మలుపు తిరిగింది. రెండో అంతస్తు తలుపు సందులోంచి ఎవరో తొంగి చూశారు. ఇంకో మలుపు తిరిగితే వీధి. కాళ్లు నెమ్మదించాలని చూశాయి, ఆమె వాటిని నెమ్మదించనివ్వలేదు.

"ఆగవమ్మా తల్లీ!" పై నుంచి కేక.

ఆమె ఆగింది కానీ వెనక్కి ఎక్కలేదు. ఆయనే దిగి వచ్చాడు.

"అద్దె?"

"ఆ వచ్చే కుటుంబం ఎంతిస్తారో అంతే. దయ్యం ఉందని తగ్గించమనను."

"మీ అత్తగారు నోటి దురుసు మనిషట."

"ఆవిడ నోరు తెరిస్తే దయ్యాలే ఖాళీ చేస్తాయి. మీకు లాభం."

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "సరే. కానీ, నీకు పుణ్యముంటుంది, ఆ నీళ్లు మాత్రం శుభ్రంగా పోసి తుడువు."

"నా ఇల్లండీ అది ఇప్పుడు. దాని సంగతి నేను చూసుకుంటాను."

నెలాఖరు రాకముందే మారిపోయారు. రిక్షా అతనూ, అతని బావమరిదీ అత్తగారిని కుర్చీతో సహా పైకి మోశారు. "ఒంచకండ్రా, నేనేం పప్పు బస్తానా!" అని ఆవిడ దారిపొడుగునా అరుస్తూనే ఉంది. ప్రతి తలుపూ తెరుచుకుంది, ప్రతి తలుపూ మూసుకుంది. గుమ్మంలో కుర్చీ దింపాక ఆవిడ గొంతు తగ్గించింది.

"ఊరందరికీ పోస్తావు. మన ఇంటికి ఒక్క మూత పొయ్యవే. ముందున్నావిడ ఉంటే గింటే..."

"ఉంటే ఉండనీ అత్తా. ఆవిడ నన్ను ఖాళీ చెయ్యమనలేదు," అంది కొలోనక్క. ఉత్త సబ్బునీళ్లతోనే తుడిచింది. తన తడి పాదాల ముద్రలు నేలంతా పడితే పడనిచ్చింది.

మర్నాడు బ్రోకరు కిందనే నిలబడి పిలిచాడు. పైకి రాలేదు. "అక్కా, రెండిళ్లున్నాయి, వస్తావా?"

"రాకేం తమ్ముడూ. చెత్తబండిని కదా, రోజూ రావాలి," అంది బాల్కనీలోంచి, వీధంతా వినేలా. వాడు తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు ఆమె బకెట్ తానే మోస్తున్నాడు.

కింది అంతస్తువాళ్లు కొన్నాళ్లు గుసగుసలాడారు, కొన్నాళ్లు ఎదురుపడితే గోడకు అతుక్కున్నారు. ఎవరూ ఖాళీ చెయ్యలేదు. వాళ్లకు మాత్రం వేరే ఇల్లెక్కడుంది?

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం తలుపు తట్టారెవరో. తీస్తే ఒక పెద్దావిడ, చేతికర్రమీద ఒరిగి, ఊపిరి అందక నిలబడి ఉంది.

"ఏమీ అనుకోకమ్మా. వంటింటి తలుపు వెనక నా గొడుగొకటి ఉండిపోయింది. నీకంటే ముందు ఇక్కడ నేనే ఉండేదాన్ని."

కొలోనక్క చెయ్యి గొళ్లెం మీదే ఉండిపోయింది.

"ఎవరే అదీ?" లోపల నుంచి అత్తగారు.

"ముందున్నావిడ అత్తా."

లోపల కుర్చీ కిర్రుమంది. "రొప్పుతోందా?"

"రొప్పుతున్నారు."

"అయితే లోపలికి రమ్మను. దయ్యాలకు ఆయాసం రాదు."

వీధిలో తన గురించి ఏమనుకుంటున్నారో విన్నాక టైపిస్టమ్మ గొడుగు ఒళ్లో పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. కింద మెట్లు ఊడ్చే ఆవిడ ఇప్పుడే పక్కకు జరిగి దారిచ్చిందట. ముఖం వంక మాత్రం చూడలేదట.

"అందరికీ చెప్పెయ్యనా?" అంది కొలోనక్క.

"ఎందుకమ్మా? ఇక్కడున్నన్నాళ్లూ నేనున్నానని ఎవరూ అనుకోలేదు. పోయాక వీధంతా నా మాటే. ఇలాగే ఉండనీ. నీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది? ఉండడానికి ఇల్లుంది."

ఆవిడ అప్పటి నుంచి వీలైనప్పుడల్లా వచ్చి పోతూనే ఉంది.

అంబులెన్సు వచ్చిన రోజు ఆవిడ ఇంట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, అటునుంచటే చెల్లెలింటికి వెళ్లిపోయింది. చెల్లెలింటికి మెట్లు లేవు.